మంచును తూచిన మాస్టారు

కొండ మీద మంచు ఎంత మందాన పేరుకుందో చెప్పడం తేలిక. కర్ర గుచ్చి చూస్తే సరిపోతుంది. అది కరిగితే ఎంత నీరు వస్తుందో చెప్పడమే కష్టం. ఆ నీరు దిగివచ్చే వసంతం కంటే ముందే చెప్పడం మరీ కష్టం. 20వ శతాబ్ది తొలి దశకంలో ఆ లెక్కకు దారి చూపిన వ్యక్తి ఇంజినీరు కాదు, వాతావరణ శాస్త్రం చదివినవారూ కాదు. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో లాటిన్, జర్మన్ భాషలు బోధించిన ఒక సాధారణ అధ్యాపకుడు. ఆయనే జేమ్స్ ఎడ్వర్డ్ చర్చ్. చర్చ్ అన్నది ఆయన ఇంటిపేరు. మంచు కొలతలకు పితామహుడిగా ప్రపంచం ఆయనను గుర్తు పెట్టుకుంది. 78 ఏళ్ల వయసులో ఆయన భారత ప్రభుత్వ ఆహ్వానంపై హిమాలయాలకు సైతం వచ్చారు.

మిషిగన్ నుంచి ఎడారి అంచుకు

చర్చ్ 1869 ఫిబ్రవరి 15న మిషిగన్ రాష్ట్రంలోని హోలీ అనే ఊళ్లో జన్మించారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన భాషలు అభ్యసించి, 1892లో పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడాది నెవాడా రాష్ట్రంలోని రీనో పట్టణంలో ఉన్న విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. అప్పటికి అది చాలా చిన్న విద్యాసంస్థ. లాటిన్, జర్మన్ భాషలతోపాటు కళల గురించీ ఆయన విద్యార్థులకు బోధించేవారు. అనంతరం జర్మనీ వెళ్లి, 1901లో మ్యూనిక్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. దానికీ మంచుకూ సంబంధం లేదు.

రీనోకు పడమట సియెర్రా నెవాడా పర్వతశ్రేణి గోడ కట్టినట్లు నిలిచి ఉంటుంది. పసిఫిక్ మహాసముద్రం మీదుగా వచ్చే మేఘాలు తమ తేమను ఆ కొండల పైనే మంచుగా కురిపించేస్తాయి. కొండలు దాటి తూర్పున ఉన్న నెవాడాకు చేరేసరికి వాటిలో మిగిలేది అత్యల్పం. రీనోలో ఏడాది మొత్తం మీద కురిసే వర్షం ఏడెనిమిది అంగుళాలకు మించదు. అమెరికాలోకెల్లా తక్కువ వాన పడే రాష్ట్రం నెవాడాయే. అక్కడి సేద్యానికి, తాగునీటికి, విద్యుత్తుకు కొండ మీది మంచే ఆధారం. శీతాకాలంలో పేరుకున్న ఆ మంచు ఏప్రిల్ నుంచి జులై వరకు మెల్లగా కరిగి ఏరులై దిగివస్తుంది. ఖర్చు లేకుండా ప్రకృతి కట్టి ఇచ్చిన జలాశయమది. అయితే అందులో ఎంత నీరు నిల్వ ఉందో ఏ ఏటికా ఏడు ఎవరికీ తెలిసేది కాదు.

రోజ్ పర్వతం పిలిచింది

రీనో నుంచి చూస్తే నైరుతి దిక్కున రోజ్ పర్వతం కనిపిస్తుంది. దాని శిఖరం సముద్రమట్టానికి దాదాపు 10,780 అడుగుల ఎత్తున ఉంటుంది. శీతాకాలంలో ఆ కొండ జోలికి వెళ్లడమంటే చావుతో చెలగాటమని స్థానికులు నమ్మే రోజులవి. చర్చ్ 1895 శీతాకాలంలో ఆ పర్వతాన్ని ఎక్కి దిగారు. ఆనాటికి అది సాహసయాత్ర మాత్రమే. కానీ చలికాలపు కొండ మనిషికి అందరానిది కాదన్న సంగతి ఆయనకు అర్థమైంది. ఆ తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లారు. మంచులో కాలు దిగబడకుండా వెడల్పాటి చట్రాలను పాదాలకు కట్టుకుని నడవడం, తుపానులో ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనుదిరగాలో తెలుసుకోవడం ఆయనకు అలవాటైంది.

1905లో ఆయన ఆ శిఖరం మీద వాతావరణ పరిశీలన కేంద్రాన్ని నెలకొల్పారు. అంత ఎత్తున, ఏడాది పొడవునా లెక్కలు నమోదు చేసే కేంద్రాలు అప్పటి అమెరికాలో అరుదు. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న వ్యవసాయ ప్రయోగ కేంద్రం అందుకు అండగా నిలిచింది. ఉష్ణోగ్రత, గాలి వేగం, హిమపాతం నమోదు చేసే పరికరాలను కొండ మీదకు చేరవేశారు. వాటిని చూసుకోవడానికి, కాగితాలు మార్చడానికి ఎముకలు కొరికే చలిలోనూ ఎవరో ఒకరు పైకి వెళ్లాల్సిందే. ఆ పని చాలాసార్లు ఆయనే చేశారు. వారమంతా తరగతి గదిలో రోమన్ కవులను, చరిత్రకారులను బోధించడం, సెలవు దొరికితే కొండెక్కడం.. ఇదే ఆయన దినచర్యగా మారింది.

మందం కాదు, బరువు

పరికరాలు వచ్చినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. కొండ మీద మంచును ఎలా కొలవాలి? డబ్బా పెట్టి అందులో పడిన మంచును కొలుద్దామంటే, కొండగాలి సగం మంచును పక్కకు ఎగరగొడుతుంది. పోనీ నేల మీద ఉన్న మందాన్ని కొలుద్దామంటే, ఒక అడుగు మంచు మరో అడుగు మంచుతో సమానం కాదు. అప్పుడే పడిన మంచు దూదిలా తేలికగా ఉంటుంది. పది అంగుళాల మందం కరిగితే ఒక్క అంగుళం నీరు రావచ్చు. అదే మంచు నెలల తరబడి పేరుకుని, తన బరువుకు తానే కుదించుకుపోయి, వసంతం నాటికి గట్టిపడుతుంది. అప్పుడు పది అంగుళాల మందంలో నాలుగు అంగుళాల నీరు ఉంటుంది. కాబట్టి మందం చూసి నీటిని అంచనా కట్టేవారు నాలుగింతలు పొరబడే అవకాశం ఉంది.

చర్చ్ దీనికి కనుగొన్న పరిష్కారం అతి సరళమైనది. మంచును తూచాలి. 1908-09 ప్రాంతంలో ఆయన ఒక పొడవాటి ఉక్కు గొట్టాన్ని తయారు చేయించారు. దాని అడుగు అంచుకు రంపపు పళ్లలాంటి కోత అంచు ఉంటుంది. మంచులో నిలువుగా దించి తిప్పితే గట్టిపడిన పొరలను సైతం కోసుకుంటూ నేల వరకు దిగుతుంది. పైకి తీస్తే నేల నుంచి ఉపరితలం దాకా ఉన్న మంచు మొత్తం స్తంభంలా గొట్టంలోకి వస్తుంది. దాన్ని గొట్టంతో సహా స్ప్రింగు త్రాసుకు తగిలించి తూచి, ఖాళీ గొట్టం బరువు తీసివేస్తే సరి. ఆ సాధనానికి రోజ్ పర్వతం పేరే స్థిరపడింది.

తర్వాతి కాలంలో దాన్ని మెరుగుపరచి ప్రామాణికంగా రూపొందించిన గొట్టంలో ఒక చిన్న కిటుకు ఉంది. కోత అంచు లోపలి వ్యాసాన్ని ఒకటిన్నర అంగుళం కంటే కాస్త తక్కువగా, 1.485 అంగుళాలుగా నిర్ణయించారు. ఆ కొలతలో వచ్చిన మంచు స్తంభం ఒక ఔన్సు తూగితే, అందులో ఒక అంగుళం నీరు ఉన్నట్లు లెక్క. త్రాసు 40 ఔన్సులు చూపితే, ఆ చోట నేలపై 40 అంగుళాల నీరు మంచు రూపంలో నిలిచి ఉందన్నమాట. గడ్డకట్టిన చేతులతో, కొండగాలిలో గుణకారాలు, భాగహారాలు చేయాల్సిన అవసరం లేకుండా పోయింది. పెద్దగా చదువుకోని కూలీ కూడా ఆ లెక్క రాసుకురాగలడు.

సరస్సు తగాదా

ఈ కొత్త విద్యకు అసలు పరీక్ష టాహో సరస్సు వద్ద ఎదురైంది. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దులో, సముద్రమట్టానికి దాదాపు 6,225 అడుగుల ఎత్తున ఆ సరస్సు విస్తరించి ఉంది. దాని విస్తీర్ణం 191 చదరపు మైళ్లు. లోతు ఒకచోట 1,645 అడుగులు. అంత పెద్ద సరస్సు నుంచి బయటకు వెళ్లే నది ట్రకీ ఒక్కటే. ఆ నది మొదట్లో ఆనకట్ట, గేట్లు ఉన్నాయి. నది రీనో మీదుగా సాగి పిరమిడ్ సరస్సులో కలుస్తుంది.

టాహో సరస్సులో నీటిమట్టం ఒక్క అడుగు పెరిగిందంటే దాదాపు 1.22 లక్షల ఎకరా అడుగుల నీరు చేరినట్లు. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 5.3 టీఎంసీలు. అందుకే ఆ అడుగు కోసం తగాదాలు నడిచేవి. విద్యుత్ కంపెనీకి, దిగువన సాగునీటి కాలువల కింద ఉన్న రైతులకు సరస్సులో వీలైనంత ఎక్కువ నీరు నిల్వ ఉండాలి. ఒడ్డున ఇళ్లు, విడిది గృహాలు కట్టుకున్నవారికి మట్టం పెరిగితే భూములు కోతకు గురవుతాయి, పడవల రేవులు మునిగిపోతాయి. గేట్లు ముందుగా తెరిస్తే నీళ్లు వృథా అయ్యాయని దిగువవారి ఆరోపణ. ఆలస్యంగా తెరిస్తే తమను ముంచారని ఒడ్డువాసుల ఆగ్రహం. ఎవరి భయం వారిదే. ఎవరి చేతిలోనూ లెక్క లేదు.

1910-11 శీతాకాలంలో సియెర్రా కొండలపై మంచు విపరీతంగా కురిసింది. టాహోకు దక్షిణాన ఉన్న టామరాక్ అనే చోట 1911 మార్చిలో నేలపై 451 అంగుళాల మంచు నమోదైంది. అంటే 37 అడుగులకు పైమాటే. నాలుగంతస్తుల మేడ మునిగేంత మందం. ఆ మంచంతా కరిగి వస్తే సరస్సు ఏమవుతుందోనన్న ఆందోళన నెలకొంది. చర్చ్ పరీవాహక ప్రాంతంలో తిరిగి, ఎంచుకున్న చోట్ల గొట్టం దించి, మంచును తూచారు. ఆ లెక్కలతో ఆ వసంతంలో సరస్సు మట్టం ఎంత పెరగనుందో ముందుగానే అంచనా కట్టారు. అంచనా నిజమైంది. గేట్లను ఎప్పుడు, ఎంత మేరకు తెరవాలన్న ప్రశ్నకు తొలిసారి ఒక ఆధారం దొరికింది. ఇరుపక్షాలూ నమ్మదగిన అంకె ఒకటి మధ్యలోకి రావడంతో గొడవ తీవ్రత తగ్గింది. నీటి హక్కులపై వ్యాజ్యాలు, ఒప్పందాలు తర్వాత కూడా చాలాకాలం సాగాయి. 1935లో కుదిరిన ట్రకీ నది ఒప్పందం సరస్సు గరిష్ఠ మట్టాన్ని 6,229.1 అడుగులుగా ఖరారు చేసింది. అయితే ఆ మట్టం దాటకుండా గేట్లు నడపాలంటే మంచు లెక్క తప్పనిసరి.

శాతాల లెక్క

కొండల్లో ఉన్న మంచునంతటినీ ఎవరూ తూచలేరు. చర్చ్ ఆ ప్రయత్నమే చేయలేదు. ఆయన పద్ధతి వేరు. గాలికి ఎగిరిపోని, చరియలు విరిగిపడని, ఏటా ఒకే తీరున మంచు పేరుకునే చోట్లను ఎంచుకుని, అక్కడ వరసగా కొన్ని గుర్తులు పెట్టారు. ప్రతి ఏడాదీ అవే తేదీల్లో అవే గుర్తుల వద్ద గొట్టం దించాలి. కొన్నేళ్ల లెక్కలు చేతికి వస్తే వాటి సగటు తెలుస్తుంది. ఈ ఏడాది మంచులోని నీరు ఆ సగటులో నూటికి ఎంత ఉందో చూడాలి. మంచు సగటులో 80 శాతం ఉంటే, వసంతంలో ఏరులోకి వచ్చే నీరు కూడా దాదాపు అదే నిష్పత్తిలో ఉంటుంది. ఆ తర్వాత కురిసే వానలను, నేల పీల్చుకునే తేమను బట్టి ఆ అంకెను సరిచేసుకోవాలి.

ఈ పద్ధతి బలమంతా క్రమశిక్షణలోనే ఉంది. ఒక్క ఏడాది మానేసినా, చోటు మార్చినా వరస తెగిపోతుంది. మార్చి ముగిసి ఏప్రిల్ మొదలయ్యే సమయానికి ఆ కొండల్లో మంచు నిల్వ గరిష్ఠ స్థాయికి చేరుతుంది. అందుకే ఏప్రిల్ 1 నాటి కొలత పశ్చిమ అమెరికాలో నీటి సంవత్సరానికి గీటురాయిగా స్థిరపడింది. రైతు ఆ అంకె చూసి ఎన్ని ఎకరాల్లో ఏ పంట వేయాలో నిర్ణయించుకుంటాడు. జలాశయం అధికారి ఎంత ఖాళీ ఉంచాలో లెక్క వేసుకుంటాడు. పట్టణం తన తాగునీటి పొదుపును ముందే మొదలుపెడుతుంది.

చెట్టుకూ మంచుకూ ఉన్న లంకె

మంచును నిలబెట్టడంలో అడవుల పాత్రను కూడా చర్చ్ క్షుణ్నంగా పరిశీలించారు. చెట్లే లేని బోడికొండపై గాలి మంచును ఊడ్చేస్తుంది, ఎండ త్వరగా కరిగిస్తుంది. అలాగని కిక్కిరిసిన దట్టమైన అడవీ మేలు కాదు. కురిసిన మంచులో చాలా భాగం కొమ్మల మీదే ఆగిపోయి, నేలకు చేరకుండానే ఆవిరైపోతుంది. నడుమ నడుమ చిన్న ఖాళీలు ఉన్న అడవి అన్నింటికన్నా ఉత్తమమని ఆయన తేల్చారు. ఖాళీల్లో మంచు నేలకు చేరుతుంది. చుట్టూ ఉన్న చెట్లు గాలిని ఆపుతాయి, నీడనిస్తాయి. కరగడం ఆలస్యమయ్యే కొద్దీ ఏరు ఎక్కువ రోజులు పారుతుంది. కొండ మీది చెట్టు నరికితే దిగువన చేను ఎండుతుందన్న మాటకు ఆయన కొలతలు లెక్కల రూపం ఇచ్చాయి.

రాష్ట్రాలు, దేశాలు దాటిన గొట్టం

కొన్నాళ్లకు పొరుగు రాష్ట్రాలూ ఈ బాట పట్టాయి. కాలిఫోర్నియా 1929లో రాష్ట్రవ్యాప్త మంచు కొలతల కార్యక్రమాన్ని చేపట్టింది. 1933లో మంచు కొలిచేవారంతా రీనోలో సమావేశమయ్యారు. ఆ సమావేశమే పశ్చిమ హిమ సదస్సుగా ఏటా కొనసాగుతూ వచ్చింది. 1934 నాటి తీవ్ర కరవు అమెరికా ప్రభుత్వం కళ్లు తెరిపించింది. మరుసటి ఏడాది, 1935లో, పశ్చిమ రాష్ట్రాలన్నింటికీ కలిపి కేంద్ర ప్రభుత్వమే మంచు కొలతలను, నీటి అంచనాలను చేపట్టింది.

ఈలోగా చర్చ్ ఉత్తర ధ్రువ ప్రాంతాన్నీ చూసి వచ్చారు. 1920వ దశకం చివర్లో మిషిగన్ విశ్వవిద్యాలయం గ్రీన్‌లాండ్‌కు పంపిన శాస్త్రయాత్రల్లో ఆయన పాల్గొన్నారు. అప్పటికి ఆయన వయసు అరవైకి చేరువలో ఉంది. అక్కడ చలికాలం గడిపి వాతావరణాన్ని, మంచు తీరుతెన్నులను పరిశీలించారు.

మంచు ధ్యాసలో పడి కళలను ఆయన విస్మరించలేదు. 1931లో మిత్రులతో కలిసి రీనోలో చిత్రకళా ప్రదర్శనశాలను స్థాపించారు. నేడు నెవాడా కళా మ్యూజియంగా పేరొందిన సంస్థకు మూలం అదే. బోధన నుంచి విరమించుకున్న తర్వాత కూడా ఆయన కొండలను వీడలేదు.

హిమాలయాలకు పిలుపు

భారతదేశం స్వాతంత్ర్యం పొందిన 1947లో ఆయనకు ఇక్కడి నుంచి ఆహ్వానం అందింది. సింధు, గంగ, బ్రహ్మపుత్ర నదులకు, వాటి ఉపనదులకు హిమాలయాల మంచు ఒక ప్రధాన ఆధారం. వేసవిలో రుతుపవనాలు రాకముందు వాటిలో పారే నీటిలో మంచు కరిగి వచ్చేది గణనీయమైన భాగం. కృష్ణా, గోదావరుల్లా కేవలం వానలపై ఆధారపడే నదులు కావవి. వాటిపై ఆనకట్టలు, జల విద్యుత్ కేంద్రాలు నిర్మించాలన్నా, కట్టాక నడపాలన్నా పైన ఎంత మంచు ఉందో తెలియాలి. ఆ కొలతలకు ప్రణాళిక వేయడానికే చర్చ్‌ను పిలిపించారు.

78 ఏళ్ల వయసులో ఆయన హిమాలయాలకు వచ్చారు. సియెర్రా కొండలకూ వీటికీ పోలిక లేదు. ఎత్తు రెట్టింపు. దారులు లేవు. లోయ లోయకూ మంచు కురిసే తీరు మారిపోతుంది. పశ్చిమాన శీతాకాలపు తుపానులు మంచు తెస్తే, తూర్పున రుతుపవన మేఘాలు సైతం ఎత్తయిన శిఖరాలపై మంచు కురిపిస్తాయి. రోజ్ పర్వతం నేర్పిన పద్ధతిని యథాతథంగా ఇక్కడ అమలు చేయడం కుదరదు. కానీ ఏటా అదే చోట, అదే తేదీన, అదే సాధనంతో కొలవాలన్న మూలసూత్రం ఎక్కడికైనా వర్తిస్తుంది. ఆ తర్వాత అర్జెంటీనాలోని ఆండీస్ పర్వతాల్లోనూ ఆయన అదే పాఠం చెప్పారు.

వసంతం తెచ్చే ముప్పు

మంచులో నీటితోపాటు ముప్పు కూడా దాగి ఉంటుంది. నీటి లెక్కకు పనికొచ్చే కొలతలే ఆ ముప్పును పసిగట్టడానికీ కొంతవరకు ఉపకరిస్తాయి. ఏటవాలు మీద నిలిచిన మంచు ఒకే ముద్ద కాదు. ఒక్కో తుపాను ఒక్కో పొర వేసి వెళుతుంది. వాటి నడుమ ఎక్కడో ఒక పొర చక్కెర పలుకుల్లా పట్టు లేకుండా ఉంటుంది. దానిపై కొత్త మంచు బరువు పెరిగితే, పైపొర పలకలా విడిపోయి జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్న కొండల్లో ఈ ప్రమాదం అత్యధికం. కొత్తగా పడిన మంచు మందం కంటే దాని బరువే కీలకం. తూచి చూస్తే గాని ఆ బరువు తెలియదు.

వసంతంలో ప్రమాదం మరో రూపం దాలుస్తుంది. పగటి ఎండకు పైపొర కరిగి, ఆ నీరు లోపలికి ఇంకుతుంది. పొరల నడుమ పట్టు సడలిపోతుంది. రాత్రి చలికి మళ్లీ గడ్డకట్టి మంచు బిగుసుకుంటుంది. అందుకే మంచు కొలిచేవారు తెల్లవారుజామున గట్టి మంచు మీద నడిచి, ఎండ ముదిరేలోగా వాలు నుంచి తప్పుకుంటారు. మబ్బు పట్టి రాత్రి మంచు గడ్డకట్టకపోతే ఆ రోజు ఆ వాలు జోలికి పోరు. ఒకసారి చరియ కింద కూరుకుపోయినవారిని పది, పదిహేను నిమిషాల్లో వెలికితీయగలిగితేనే బతికే ఆశ ఎక్కువ.

ఈ ముప్పు తెలుగు నేలకు దూరమైనదేమీ కాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్ హిమానీనదంపై, 19 వేల అడుగులకు పైగా ఎత్తున ఉన్న సైనిక శిబిరంపై భారీగా మంచు విరిగిపడింది. ఆ దుర్ఘటనలో పదిమంది జవాన్లు అసువులు బాశారు. వారిలో ఒకరు కర్నూలు జిల్లా బిడ్డ. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మానా గ్రామం సమీపంలో సరిహద్దు రహదారి కార్మికుల శిబిరంపై చరియలు విరిగిపడి ఎనిమిది మంది మరణించారు. హిమాలయాల్లో మంచును, చరియల ముప్పును అధ్యయనం చేయడానికి రక్షణ పరిశోధన సంస్థ 1969లో మనాలీలో ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పింది. 2020లో అది మరో సంస్థతో కలిసి, చండీగఢ్ కేంద్రంగా పనిచేసే రక్షణ భూసమాచార పరిశోధన సంస్థగా మారింది. చరియల హెచ్చరికలు ఇప్పుడు అక్కడి నుంచే వెలువడుతున్నాయి. పరికరాలు ఎన్ని వచ్చినా, మంచులో గొయ్యి తవ్వి పొరలను చేత్తో తడిమి చూడటం నేటికీ ఆ శాస్త్రంలో తొలి పాఠమే.

పునాదిరాయిలో చితాభస్మం

చర్చ్ 1959 ఆగస్టు 5న, 90 ఏళ్ల వయసులో రీనోలో కన్నుమూశారు. విశ్వవిద్యాలయం నిర్మించిన లలితకళల భవనానికి ఆయన పేరు పెట్టారు. ఆయన చితాభస్మాన్ని ఆ భవనం పునాదిరాయిలోనే భద్రపరిచారు. రోజ్ పర్వతం మీది ఒక శిఖరానికి చర్చ్ శిఖరమని నామకరణం చేశారు.

ఆయన నాటిన విత్తనం మాత్రం మహావృక్షమైంది. పశ్చిమ అమెరికా కొండల్లో నేడు 900కు పైగా స్వయంచాలక కేంద్రాలు మంచు బరువును నమోదు చేసి, గంట గంటకూ సమాచారం పంపుతున్నాయి. నేలపై పరిచిన దిండులాంటి సంచిపై మంచు పేరుకున్న కొద్దీ పెరిగే ఒత్తిడిని అవి కొలుస్తాయి. అక్కడా కొలిచేది బరువునే. విమానాల నుంచి లేజర్ కిరణాలతో మంచు మందాన్ని కొలిచే విధానమూ వచ్చింది. అయినా గొట్టం మూలన పడలేదు. యంత్రం చెప్పింది నిజమో కాదో తేల్చడానికి ఇప్పటికీ మనుషులు గొట్టం పట్టుకుని కొండెక్కుతున్నారు.

ఆ లెక్క విలువ ఏమిటో ఇటీవలి రెండు వసంతాలు చాటిచెప్పాయి. 2015 ఏప్రిల్ 1న కాలిఫోర్నియా కొండల్లో మంచు నీటి నిల్వ సగటులో 5 శాతానికి పడిపోయింది. అయిదారు అడుగుల మంచు ఉండాల్సిన కొలత స్థలంలో ఆనాటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ గడ్డి నేలపై నిలబడి, రాష్ట్రమంతటా నీటి వాడకంపై కోత విధిస్తున్నట్లు ప్రకటించారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్ మొదటి వారంలో అదే కొండల్లో నిల్వ సగటులో 237 శాతానికి చేరింది. అప్పుడు జలాశయాల్లో ముందుగా ఖాళీ చేసుకోవాల్సి వచ్చింది. ఒక ఏడాది కరవు, మరో ఏడాది వరద.. రెండింటికీ ముందస్తు కబురు అందించింది కొండ మీది త్రాసే.

వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ఈ పని ఇంకా క్లిష్టమవుతోంది. మంచుగా పడాల్సింది వానగా కురుస్తోంది. మంచు కరగడం ముందుకు జరుగుతోంది. పాత సగటులు కొత్త ఏడాదికి సరిపోవడం లేదు. అయినా మార్పు ఎంత వచ్చిందో చెప్పగలుగుతున్నామంటే, అందుకు కారణం వందేళ్లుగా అవే గుర్తుల వద్ద తెగకుండా సాగిన కొలతలే. ఆ వరసలో తొలి అంకెలు వేసిన చేయి లాటిన్ పాఠాలు రాసిన చేయి. తన చదువుకు సంబంధం లేని పని అని ఆయన ఊరకుండిపోతే, టాహో ఒడ్డున తగాదా ఇంకెన్నాళ్లు సాగేదో! నీళ్ల కోసం రెండు ఊళ్లు, రెండు రాష్ట్రాలు వాదులాడుకునే చోట ముందుగా కావలసింది ఇరువురూ ఒప్పుకునే లెక్క అని జేమ్స్ చర్చ్ జీవితం తెలియజేస్తోంది.